దీపానికి కట్టిన అద్దె

ఆ రోజు పొద్దున అక్క పాల ప్యాకెట్ మూల కత్తిరించి, పాలు గిన్నెలో వంచి, ఖాళీ కవరు జాడించి బాల్కనీ తీగ మీద క్లిప్పు పెట్టి ఆరేసింది. అలాంటి కవర్లు ఒక సంచీ నిండాక పాత సామాన్లవాడికి వేసేది. లోపలికి వచ్చి, "చంద్రూ, పొయ్యి చూడు, పొంగిపోతాది" అని కొడుకుతో చెప్పి కుర్చీలో కూర్చుంది. చంద్రు పొయ్యి కట్టేసి కాఫీ కలుపుకొని వచ్చేసరికి ఆమె తల ఒక పక్కకు వాలిపోయి ఉంది. నిద్రపట్టిందనుకుని వాడు కాఫీ మీద మూత పెట్టాడు. ఆ తర్వాతే అనుమానం వచ్చి చెయ్యి పట్టుకుని చూశాడు.

మా అక్క పేరు వరదలక్ష్మి. పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో బెర్తులకు రెక్సిన్ కుట్టేది. దళసరి రెక్సిన్‌ను మిషను కిందికి తోసి తోసి ఆమె కుడి బొటనవేలు ఎడమదానికంటే వెడల్పయింది. రైలెక్కితే ముందు బెర్తు అంచు తడిమి చూసేది. "ఒరే రాఘవా, ఈ దేశంలో రాత్రి రైల్లో పోయే జనం సగంమంది నా కుట్టు మీదనే పడుకునేది. ఒక్కడన్నా థాంక్స్ చెప్పినాడా?" అనేది.

ఆ ఉద్యోగం బావ చనిపోతే వచ్చింది. బావ బాలసుందరం అదే వర్క్‌షాపులో ఫిట్టరు. కామెర్లతో పోయేనాటికి చంద్రుకు నాలుగేళ్లు. సర్వీసులో ఉండగా ఉద్యోగి చనిపోతే ఇంట్లో ఒకరికి పని ఇస్తారు. బావ తమ్ముడు దాని మీద ఆశపెట్టుకున్నాడు. అతనికీ పెళ్లి కావలసి ఉంది, చేతిలో పని లేదు. ఆఫీసువాళ్లు బావ తల్లిని పిలిచి అడిగారు. కన్యకమ్మ కొంగు నడుముకు దోపి వాళ్ల ముందు నిలబడి, "నా కోడలికి ఇయ్యండి. వీడికి కాళ్లూ చేతులూ ఉండాయి, ఏడన్నా బతుకుతాడు. దానికి బిడ్డ ఉండాడు" అంది. ఆ ఒక్క మాటతో చిన్నకొడుకు తల్లి గడప తొక్కడం మానేశాడు. ఆమె కోడలి దగ్గరే, రైల్వే క్వార్టర్స్‌లో ఉండిపోయింది.

అత్తాకోడళ్లు అన్యోన్యంగా ఉండేవాళ్లని చెప్పను. రోజూ ఏదో ఒకటి నడిచేది.

"రైలుకి కుడతావు. నా రవిక చంకకాడ పిగిలి నెలయింది, దానికి తీరిక లేదు."

"రైలువాడు జీతమిస్తాడత్తా. మీరేమిస్తారు?"

"ఉద్యోగమే ఇచ్చినా గదే!"

ముసలామె గెలిచినట్టు వక్కాకు డబ్బా తెరిచేది.

రిటైరయ్యే సంవత్సరం తై మాసంలో, అంటే సంక్రాంతి నెలలో, అక్క ఇల్లు చూసుకుంది. వ్యాసర్పాడిలో పాత్రల కొట్టు పెట్టుకున్న ఆదిమూలం అనే పెద్దాయనకు కొట్టు పక్కనే రెండు గదుల ఇల్లు ఉంది. దాన్ని బోగ్యానికి ఇస్తానన్నాడు. బోగ్యమంటే ఒక్కసారిగా పెద్ద మొత్తం ఇంటాయన చేతిలో పెడతాం. నెల నెలా అద్దె ఉండదు. గడువు అయి ఖాళీ చేసినప్పుడు ఆ మొత్తం మనకు తిరిగి వస్తుంది. పెన్షను మీద బతకబోయే మనిషికి అంతకంటే నెమ్మది ఏముంటుంది? పి.ఎఫ్. ఎప్పుడో అయిపోయింది. పెన్షనులో కొంత ముందుగా అమ్ముకుంటే వచ్చే డబ్బు చంద్రు చదువు లోనుకే సరిపోతుంది. మిగిలింది గ్రాట్యుటీ ఒక్కటే. ఆ మొత్తానికి సరిపోయే ఇల్లు దొరికిందని అక్క మురిసిపోయింది.

మా పక్క నోటిమాట బేరం తాంబూలంతో ముగుస్తుంది. పళ్లెంలో ఆకులు, వక్కలు, రెండు అరటిపళ్లు, వాటి మీద అడ్వాన్సు డబ్బు పెట్టి అక్క ఇచ్చింది, ఆదిమూలం రెండు చేతులతో అందుకున్నాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"ఆడి నెల పుట్టకముందు మిగతాది ఇచ్చెయ్ అమ్మణ్ణీ. ఆడిలో ఎవురూ ఇల్లు మారరు" అన్నాడు. ఆడి అంటే మన ఆషాఢం లాంటిదే, జూలై నడుమ మొదలవుతుంది.

"ఏప్రిల్‌లో రిటైరు. మేలో మీ చేతిలో పెడతా, అన్నా."

నెల తిరగకుండానే కన్యకమ్మ పోయింది. ఆమెకు మూడురోజులు మాత్రమే జ్వరం. రెండోరోజు స్పృహలో ఉండి కోడలిని దగ్గరికి పిలిచి గది మూల చూపించింది. బావ శవాన్ని పడుకోబెట్టింది అక్కడే, ఏడాదిపాటు ఆయన దీపం వెలిగిందీ అక్కడే. "నాదీ ఈడనే పెట్టు" అంది. అంతకుమించి ఏమీ అడగలేదు.

మనిషి పోయిన చోట దీపం పెట్టి, నెలనెలా మాసికం జరిపి, ఏడాది క్రియ అయ్యేదాకా ఆ దీపాన్ని గడప దాటించకూడదనేది మా ఇళ్లల్లో పట్టింపు. ఇల్లు మారడమన్న మాట అసలు ఎత్తరు. పెద్దకొడుకు లేడు, చిన్నవాడు గడప తొక్కడు కనుక, ఆమెను పాట్టి అని పిలిచే మనవడు చంద్రు కర్త అయ్యాడు. అక్క లెక్క సులభంగా ఉంది. మేలో గ్రాట్యుటీ రాగానే ఆదిమూలానికి ఇచ్చేస్తుంది, దీపం కోసం మళ్లీ మాసి నెల, అంటే ఫిబ్రవరి-మార్చి, వచ్చేదాకా క్వార్టర్స్‌లోనే ఉంటుంది, ఆ తర్వాత సామాను మారుస్తుంది.

రిటైర్మెంటు దగ్గరపడ్డాక సెటిల్‌మెంట్ సెక్షన్‌కు వెళ్తూ నన్ను తోడు రమ్మంది. అక్కడ హేమమాలిని అని మా తెలుగు మనిషే ఉండేది, అక్క కంటే రెండుమూడేళ్లు చిన్న. ఫైలు తిరగేస్తూ, "క్వార్టర్స్ తాళం ఎప్పుడిస్తావు వరదక్కా?" అంది.

"ఏడాది అయినాక. వచ్చే మాసిలో."

హేమమాలిని పెన్ను కింద పెట్టింది. "ఇల్లు ఖాళీ చేసినట్టు కాగితం వస్తేనే నీ గ్రాట్యుటీ కదిలేది. అంతదాకా ఆగిపోతాది."

"మొత్తమా?"

"మొత్తం. నాలుగు నెలలు మామూలు అద్దెకి ఉండొచ్చు. ఆ తర్వాత డామేజ్ రెంటు. అది నీ జీతంలో పట్టిన అద్దె మాదిరి కాదు, నీ పెన్షను కన్నా ఎక్కువ వస్తాది."

"సరి, కడతా."

"నువ్వు కట్టేది ఏముందక్కా? నిన్ను అడగరు. వాళ్లే పట్టుకొని మిగిలింది ఇస్తారు. ఫ్రీ పాసులూ ఆపుతారు."

అక్క కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకుంది. "ఇంకొన్నాళ్లు ఉండనిచ్చే దారే లేదా?"

"ఒంట్లో బాగలేకున్నా, బిడ్డ చదువు మధ్యలో ఉన్నా ఇస్తారు. దీపానికి రూలు లేదు."

"చంద్రు చదువుతా ఉండాడని రాస్తే?"

"వాడికి ఇరవై ఏడేళ్లు! వాడు చదివేది ఏంది, వాట్సాపా?"

ఇద్దరూ నవ్వారు. బయటికి వచ్చాక మెట్ల దగ్గర అక్క గోడ పట్టుకుని నిలబడింది. "అయితే అది కావాలంటే ఇది వదలాల" అంది. దేన్ని వదలాలో పేరు పెట్టి చెప్పలేదు.

ఆ సాయంత్రమే ఇంట్లో గొడవ మొదలైంది. చంద్రు అంబత్తూరు ఎస్టేట్‌లో ఒక ఇంజినీరింగ్ యూనిట్‌లో కాంట్రాక్టు మీద పనిచేస్తాడు. వాడికి ఎప్పుడు పని ఉంటుందో ఎప్పుడు ఉండదో వాడికే తెలియదు. అందుకే ఆ బోగ్యం ఇల్లు అక్క కన్నా వాడికే ఎక్కువ కావాలి.

"కారు బుక్ చేస్తా మా. దీపం ఒళ్లో పెట్టుకొని కూచో. ఏసీ వద్దంటా, అద్దాలు ఎత్తేయమంటా. పెరంబూరు నించి వ్యాసర్పాడి ఎంత దూరం? పాట్టికి కోపమొస్తే నా మీదికి రమ్మను."

"నీ మీదికి రాదు. నీకు ముద్దలు కలిపి పెట్టింది గదా, నా మీదికే వస్తాది."

పురోహితుణ్ని అడిగాం. ఆయన మంచివాడు, ఒక ప్రాయశ్చిత్తం చేసి దీపం మార్చవచ్చన్నాడు. ఆ మాట చంద్రు సంతోషంగా తెచ్చాడు. అక్క విని, "పంతులు మా అత్త కాదు గదా" అంది.

"ఆ ఇల్లు పోతాది మా! నాకు రేపు పని పోతే ఈ నగరంలో అద్దె ఎవురు కడతారు?"

"ఆమె ఆ రోజు నా పేరు చెప్పకుండా ఉంటే నువ్వు ఈ ఇంట్లో పెరిగేవాడివా? ఆమె అడిగింది ఒక్కటే. నా వల్ల కాదు చంద్రూ." అక్క గొంతు పెంచలేదు. పెంచి ఉంటే మేము ఇంకాస్త వాదించేవాళ్లం.

చంద్రు రెండు రోజులు అన్నం బయట తిన్నాడు. మూడోరోజు మాసికం. స్నానం చేసి, దర్భ ఉంగరం పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

మే వచ్చింది, వెళ్లింది. ఆదిమూలం మనిషిని పంపలేదు, ఫోన్ చేయలేదు. ఆడి పుట్టే ముందురోజు అక్క ఇస్త్రీ చీర కట్టుకుంది, నన్ను వెంటబెట్టుకుని వ్యాసర్పాడి బయల్దేరింది. వీధి మొదట కొబ్బరిబోండాల బండి దగ్గర ఆగిపోయింది. అక్కడినుంచి కొట్టు కనిపిస్తోంది. ఆదిమూలం గుమ్మంలో కూర్చుని ఒక ఇత్తడి అండాను గుడ్డతో తుడుస్తున్నాడు.

"పోదాం పద. గడువు అడుగుదాం" అన్నాను.

"అడిగితే ఇస్తాడు. దానికీ చెయ్యి చాలకపోతే? అప్పుడు రెండుసార్లు మాట తప్పినట్టు." కొంగుతో మెడ తుడుచుకుంది. "ఏ మొహం పెట్టుకొని పోయేది రా?"

"అడ్వాన్సైనా తిరిగి అడుగు."

"మాట తప్పింది నేను. ఆ దుడ్డు అడిగేదానికి నాకు నోరు లేదు."

బోండాలవాడు ఏది కొట్టమంటారని కత్తి ఎత్తాడు. ఏమీ వద్దని చెప్పి వెనక్కి తిరిగింది. ఆ తర్వాత ఎప్పుడు వ్యాసర్పాడి వెళ్లినా ఆ వీధి తప్పించి పక్క వీధిలోంచి నడిచేది.

నాలుగు నెలల గడువు ఆగస్టుతో తీరింది. సెప్టెంబరు నుంచి ఆ ఇంట్లో మాటలు తగ్గాయి. మెట్ల మీద చప్పుడైతే చాలు, అక్క తల తిప్పి తలుపు వైపు చూసేది. రైల్వేవాళ్లు వచ్చి తాళం వేసేస్తారని, లోపల దీపం ఆరిపోతుందని ఆమె భయం. నేను ఎంత చెప్పినా ఇల్లు ఒంటరిగా వదిలేది కాదు. కూరగాయలకు వెళ్లాలంటే చంద్రు షిఫ్టు ముగించుకుని రావాలి, లేదా నేను వెళ్లి కూర్చోవాలి. కూర్చున్నంతసేపూ నాకూ చెవులు మెట్ల మీదే ఉండేవి. పై పోర్షన్‌లో ఉండే పొన్నుతాయి మాత్రం వచ్చినప్పుడల్లా, "వరదా, నువ్వు రిటైరయినావా, వాచ్‌మన్‌గా చేరినావా?" అని ఎగతాళి చేసేది. అక్క నవ్వేది, కానీ తలుపు దగ్గరి స్టూలు మీదినుంచి లేచేది కాదు.

అక్టోబరు ఆఖరున, ఐప్పసి నెల మాసికం నాడు వాళ్లు రానే వచ్చారు. ఎస్టేట్ ఇన్‌స్పెక్టరు, వెంట ఇద్దరు మనుషులు. అప్పటికి పురోహితుడు పిండం పెట్టిస్తున్నాడు. చంద్రు తడి పంచెతో కూర్చుని ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు గుమ్మంలోంచి, "ఎప్పుడమ్మా ఖాళీ చేస్తారు?" అని తమిళంలో గట్టిగా అడిగాడు. చంద్రు లేవబోతే పురోహితుడు చెయ్యి పట్టుకుని ఆపాడు.

అక్క తలుపుకు అడ్డంగా వెళ్లి నిలబడింది. "మాసిలో. తేదీ చెప్తా రాసుకోండి సార్. ఆ మరుసటి రోజు పొద్దున తాళం మీ టేబులు మీద ఉంటాది."

"నాకు తేదీ వద్దు, తాళం కావాలి. సీలు వెయ్యమని ఆర్డరు."

"వెయ్యండి. నేను లోపల కూర్చుంటా, బయట వేసుకోండి."

వెంట వచ్చినవాళ్లలో ఒకడు కిసుక్కుమన్నాడు. ఇన్‌స్పెక్టరు అతని వైపు కోపంగా చూసి, ఆమె భుజం మీదుగా లోపలికి చూశాడు. మూలన దీపం కనిపించింది. దాని వెనక గోడ మీద కన్యకమ్మ ఫోటో. ఆయన వంగి చెప్పులు విప్పాడు. క్రియ అయ్యేదాకా మెట్ల మీద కూర్చున్నాడు. అక్క విస్తరి వేస్తానంటే వద్దన్నాడు. అంతా అయ్యాక లేచి, చెప్పులు లేకుండానే, తలుపు మీద నోటీసు అంటించాడు. దాని నాలుగు మూలలూ అరచేత్తో నొక్కి, "ఇవాళ ఇంట్లో ఎవరూ లేరని రాస్తానమ్మా. డబ్బు మాత్రం పట్టుకుంటారు, అది నా చేతిలో లేదు" అని వెళ్లిపోయాడు.

అప్పటినుంచి మాసిదాకా ఎవరూ రాలేదు. రారని మాకు ముందే తెలిసి ఉంటే ఆ నెలలు మరోలా గడిచేవి.

ఏడాది క్రియ ముగిసి, దీపాన్ని శాంతింపజేసిన మర్నాడు పొద్దున్నే అక్క ఇల్లంతా కడిగింది. బాత్రూము గచ్చు కూడా రుద్దింది. తాళం చెవి తీసుకెళ్లి చెప్పినట్టే ఆ ఇన్‌స్పెక్టరు టేబులు మీద పెట్టింది. కొన్ని వారాలకు గ్రాట్యుటీ వచ్చింది. పట్టుకోవలసింది పట్టుకున్నాక మిగిలిన మొత్తం చూసి చంద్రు ఫోను జేబులో పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆ డబ్బుతో ఆదిమూలం ఇంటి బోగ్యం తీరదు. తీరినా ఆ ఇల్లు ఇంకా ఖాళీగా ఉంటుందని మేమెవరమూ అనుకోలేదు. వ్యాసర్పాడిలోనే మూడో అంతస్తులో ఒక పోర్షన్ అద్దెకు తీసుకున్నారు. బ్యాంకు వడ్డీ కొంత, చంద్రు జీతం కొంత అద్దెకు పోయేది.

అంతటితోనైనా అయిపోలేదు. లెక్క మళ్లీ వేశారు, డామేజ్ రెంటు రేటు మధ్యలో పెరిగిందట, ఇంకా కొంత బాకీ తేలింది. గ్రాట్యుటీ ఇచ్చేశారు కనుక ఈసారి పెన్షను మీద ఇచ్చే కరువుభత్యంలోంచి నెలనెలా కోత మొదలైంది. అక్క హేమమాలిని దగ్గరికి వెళ్లి వచ్చింది. "ఏమంది?" అని అడిగితే, "పాపం, కాఫీ తెప్పించింది" అని మాత్రం చెప్పింది.

ఆ మూడు అంతస్తులూ ఎక్కి దిగుతున్నప్పుడు ఆమెకు ఆయాసం వచ్చేది. మధ్యలో ఆగి, చేతిసంచీ మెట్టు మీద పెట్టి, కిటికీలోంచి రైల్వే యార్డు చూసేది. చంద్రు ఒకసారి ఉండబట్టలేక, "ఇప్పుడు పాట్టి సంతోషమేనా?" అన్నాడు. అక్క కోప్పడలేదు. "ఆమెకేం, పోయింది. నేను సంతోషంగా ఉండా" అంది. అది నిజమో కాదో తెలుసుకోవడానికి ఆమె మొహంలోకి చూశాను. వెడల్పయిన బొటనవేలితో మోకాలు ఒత్తుకుంటూ ఉంది.

ఆ ఏడు ఆని నెలలో, అంటే జూన్‌లో, అక్క పోయింది. ఆ నెల పెన్షనులోనూ కోత పడింది.

పదకొండోరోజు ఆదిమూలం వచ్చాడు. మూడు అంతస్తులు ఎక్కి రొప్పుతూ వచ్చి చాప మీద కూర్చున్నాడు. అక్క ఫోటోకు దణ్ణం పెట్టి, చొక్కా లోపలి జేబులోంచి కవరు తీసి చంద్రు ముందు పెట్టాడు.

"మీయమ్మ ఇచ్చిన అడ్వాన్సు."

చంద్రు నా వైపు చూశాడు. నేనే చెప్పాను. "ఆ డబ్బు మీదేనన్నా. మాట తప్పింది తనేనని అక్క అనేది."

"ఎవురు చెప్పినారు?" పెద్దాయన మొహం చిట్లించాడు. "తాంబూలం తిరిగి అడిగితే గదా మాట పోయినట్టు? ఆమె అడగలే. అడగలేదు గనక ఇల్లు ఆమెదే. మా నాయన కాలం నించీ అంతే రాఘవా. నేను ఇంకొకరికి ఎట్లా ఇస్తాను?"

"ఇయ్యలేదా?"

"ఈ ఏప్రిల్‌లో చిత్తిరై పుట్టేదాకా ఇయ్యలే. క్వార్టర్స్ వదిలి ఇదే పేటకి వచ్చిందని విన్నా. అయినా మా గుమ్మానికి రాలే. సరి, వద్దనుకునిందేమో అని అప్పుడు ఇచ్చేసినా."

"డబ్బు తక్కువ పడిందన్నా. అందుకే..."

"తక్కువైతే తక్కువని చెప్పుండొచ్చు గదా. మిగతాదానికి ఏదో అద్దె మాట్లాడుకుని ఉందుము. నేనేం బ్యాంకా?"

చంద్రు తలెత్తాడు. "మీరైనా ఒక్క మాట అడిగుండొచ్చు కదా మామా!"

"ఇంట్లో దీపం ఉండే మనిషిని దుడ్డు ఎప్పుడిస్తావని అడుగుతారా చంద్రూ? బాగుంటాదా?"

ఆయన మంచినీళ్లు తాగి లేచాడు. నేను కింది దాకా దిగబెట్టడానికి వెళ్లాను. రెండో అంతస్తు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుంటూ, ఆ ఇంట్లో ఇప్పుడున్నవాళ్లు మంచివాళ్లేనని చెప్పాడు. వాళ్లు రాకముందు అది ఏడాదికి పైగా తాళం వేసి ఉందని, మాట ఇచ్చిన ఇంటి వాకిలి బోసిగా ఉండకూడదని తన భార్య రోజూ పొద్దున పోయి కడిగి ముగ్గు వేసి వచ్చేదని చెప్పాడు.